ముక్కు గీత

తియ్యటి వాసన అని ఆ పెద్దాయన రాశాడు సరే, ఏ తీపి? మాగిన పండుది ఒక తీపి, మాగి కుళ్లబోయే పండుది ఇంకో తీపి. దగ్గు మందు సీసా మూత తీస్తే వచ్చేది వేరు. చిన్నప్పుడు బళ్లో పిల్లలందరూ కొరికి పారేసే రబ్బరు ముక్కలో కూడా ఏదో ఒక తీపి ఉండేది. ఇవన్నీ అతనికి పేర్లుగా గుర్తున్నాయి. పేరు తల్చుకోగానే దాని వెనకాలే రావాల్సింది మాత్రం రాదు. తెలిసినవాళ్ల ఇంటికెళ్లి తలుపు కొడితే, లోపల దీపం వెలుగుతూనే ఉండి ఎవరూ పలకనట్టుగా ఉంటుంది.

చేతిలో ఉన్న కాగితాన్ని అతను ముక్కు దాకా తెచ్చుకున్నాడు. ఏం చేస్తున్నాడో తెలిసొచ్చాక, ఎవరైనా చూశారేమోనని తలెత్తి, కళ్లద్దాలు తుడుచుకునే వంకతో కిందికి దించేశాడు. ఎవరూ చూడలేదు. పక్క బల్ల దగ్గర టైపు చేసే ఆవిడ తన పనిలో తాను ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా ఆవిడ వాటి మీద పెట్టిన గాజు గోళం ఒకసారి ఇటూ ఒకసారి అటూ దొర్లుతోంది.

అది పాత పారిశ్రామిక వాడ గురించి జనం పంపిన అభ్యంతరాల కట్ట. వాడని పడగొట్టి అక్కడ బిజినెస్ పార్కు కడతారు. కట్టే ముందు ఆ నేలకీ నీళ్లకీ గాలికీ ఇప్పటికే ఏమై ఉందో, ఇక ముందు ఏమవుతుందో చూసి చెప్పడం ఈ ఆఫీసు పని. చెప్పింది అచ్చు వేసి జనానికి చూపించాలి. జనం అడిగిన ప్రతి మాట కిందా జవాబు రాయాలి. అడిగింది తెలివైన ప్రశ్నా తిక్క ప్రశ్నా అన్నది లెక్కలోకి రాదు, జవాబు లేకుండా ఒక్కటి వదిలినా కట్టంతా వెనక్కి వస్తుంది. రేపు పొద్దున జనంతో సభ. ఈ సాయంత్రంలోపు జవాబులు వెళ్లిపోవాలి. అన్నీ అయ్యాయి, ఇదొక్కటే మిగిలింది.

రాసింది వాడ ఎదుటి వీధిలో ఉండే పెద్దాయన. ఆఫీసులో ఆయన్ని అభ్యంతరాల తాతగారు అంటారు. ఆయనకి అభ్యంతరం లేనిదంటూ లేదు. అద్దాల గోడలు కడితే ఎదురెండ తన వరండాలోకి కొడుతుందన్నాడు. షెడ్ల కప్పుల్లో ఉన్న పావురాలు ఎక్కడికి పోవాలన్నాడు. బస్‌స్టాపు జరపొద్దన్నాడు. ఫౌంటెన్ పెడితే దోమలకి ఎవరు జవాబుదారీ అన్నాడు. బిజినెస్ పార్కు అంటున్నారు, ఇందులో పార్కు ఏ మూల ఉందో మ్యాపులో సున్నా చుట్టి చూపించండి అన్నాడు. ఇన్నింటి మధ్యలో, ఏదో మాట వరసకి అన్నట్టు, ఒకటి రాశాడు: ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం కడుగుడు షెడ్డు వైపు నుంచి తియ్యటి వాసన వస్తుంది. మా ఆవిడ ఉన్న రోజుల్లో కిటికీ మూసేసేది. నేను మూయడం మర్చిపోతుంటాను, తలనొప్పి వస్తే గుర్తొస్తుంది.

అంతే. మళ్లీ పావురాల దగ్గరికి వెళ్లిపోయాడు.

కిటికీ మూసే మనిషి పోయాక తలనొప్పి కోసం ఎదురుచూసే ఆ ముసలాయన గురించి అతను కాసేపు ఆలోచించాడు. ఆయన గురించి ఆలోచిస్తే జవాబు గురించి ఆలోచించక్కర్లేదు.

ఈ ఆఫీసులో అతన్ని ముక్కుసార్ అంటారు. ఎగతాళిగా మొదలై గౌరవంగా స్థిరపడిన పేరు అది. వయసులో ఉన్నప్పుడు అతను పాత ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, లోపల ఏం చేసేవాళ్లో చెప్పేసేవాడు. ఇక్కడ రంగు కలిపారు, అక్కడ తోలు నానబెట్టారు, ఆ మూల నూనె కారింది, పైన సిమెంటు వేసి కప్పేశారు అని. యంత్రాలు తర్వాత వచ్చి అదే మాట చెప్పేవి. అలా ఆఫీసుకి ఒక పద్ధతి ఏర్పడింది. ముందు అతను నేలంతా నడుస్తాడు. వాసన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మ్యాపు మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. దాన్ని ముక్కు గీత అంటారు. గీత లోపల బోర్లు వేసి మట్టి తీసి ల్యాబుకి పంపుతారు. గీత బయట నేలని చూసి వదిలేస్తారు. నేలంతా తవ్వి చూసే ఓపిక, వ్యవధి ఏ కట్టేవాళ్లకీ ఉండవు. గీత సరిగ్గా ఉంటే చాలు. గీత ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

జ్వరం వచ్చి తగ్గాక అది పోయింది. పోయిందని వెంటనే తెలియలేదు. పడిశెం వదల్లేదేమో అనుకున్నాడు. టీ వేడినీళ్లలా ఉందని భార్యని విసుక్కున్నాడు. ఒకరోజు అగరుబత్తి వెలిగించి పొగలో మొహం పెట్టి కూర్చున్నాడు, కళ్లు మండాయి తప్ప ఇంకేమీ కాలేదు. డాక్టరు చిన్న చిన్న సీసాలు ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టి, ప్రతిదానికీ "ఇది?" అన్నాడు. అతను ప్రతిదానికీ కాసేపు ఆగి, సీసా మీద చీటీ ఏమైనా కనిపిస్తుందా అని చూశాడు. డాక్టరు చీటీ మీద బొటనవేలు పెట్టుకున్నాడు. చివరికి, "నరం మళ్లీ చిగురించొచ్చు, చిగురించకపోవచ్చు. చూద్దాం," అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అతనికి అన్నిటికన్నా ఎక్కువగా గుర్తున్నది, ఆ చీటీ చూడబోయిన తన కళ్లే. పరీక్షలో కాపీ కొట్టే పిల్లాడి కళ్లు.

ఎవరికీ చెప్పలేదు. ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ ఉండగానే ఒక పని వచ్చింది, దానికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లి, నడిచాడు. పక్కన సర్వేయరు ఉన్నాడు. ఒక మూలకి రాగానే సర్వేయరు మొహం చిట్లించాడు. అతను అక్కడే ఆగి, పెన్సిలు తీసి, గీత గీశాడు. సర్వేయరు, "మీకు ముందే తెలిసిపోతుంది సార్," అన్నాడు.

ఆ రోజు నుంచీ అతను మొహాలు చదవడం మొదలుపెట్టాడు. ఎంత నేర్పు వచ్చిందంటే, ఒక్కోసారి తనకే వాసన వచ్చినట్టు ఉండేది. పెట్రోలుకి కనుబొమలు పైకి లేస్తాయి. మురుగుకి పెదవి ఒక వైపు వంగుతుంది. ఆమ్లానికి మెడ వెనక్కి పోతుంది. మనిషి తన మొహం ఏం చెబుతోందో తనకే తెలియకుండా తిరుగుతాడు. అతను పక్కవాళ్ల జేబులో చెయ్యిపెట్టి తీసినంత సులువుగా వాళ్ల ముక్కుల్లోంచి తనకి కావాల్సింది తీసుకునేవాడు. మిగతాది నేల మీద మరకలూ, పాత నక్షాలూ, ఊహా. రిపోర్టులు వెళ్లాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఏమైనా అంటే బాగుండునని కూడా కొన్నాళ్లు అనిపించింది. ఆ తర్వాత అలసట వచ్చింది. పని చేసినవాడి అలసట కాదు అది, రోజంతా ఇంకొకడిలా నటించి ఇంటికొచ్చి చొక్కా విప్పేవాడి అలసట.

ఈ వాడలో కూడా అలాగే నడిచాడు. కడుగుడు షెడ్డు దగ్గరికి వచ్చేసరికి సర్వేయరుకి జలుబు చేసి ఉంది. తుమ్ముతూ, చేతిగుడ్డ ముక్కు మీంచి తియ్యకుండా నిలబడ్డాడు. వెనకటికి ఇనుప సామాన్లకి పట్టిన గ్రీజుని ఏదో ద్రావకంలో ముంచి కడిగిన షెడ్డు అది, అందుకే ఆ పేరు. లోపల ఇద్దరు మనుషులు నిలబడ్డారు, ఇద్దరికీ కలిపి ఒక్క ముక్కు లేదు. అతను సర్వేయరు మొహం కేసి చూశాడు. ఎర్రబడ్డ కళ్లు, గుడ్డ. అక్కడ చదవడానికి ఏమీ లేదు. నేల మీద మరక కూడా లేదు, ఎవరో శుభ్రంగా కడిగి వెళ్లినట్టుంది. వాసన లేదు, అని రాసి, గీతని షెడ్డు ఇవతలి నుంచే తిప్పేశాడు. అప్పట్లో ఆ చోట కార్లు నిలిపే జాగా అని ఉంది. పోయిన నెల కొత్త నక్షా వచ్చింది. కార్లు నేల కిందికి వెళ్లాయి. షెడ్డు ఉన్న చోట, ఉద్యోగాలకి వచ్చేవాళ్లు పసిపిల్లల్ని వదిలి వెళ్లే గది వచ్చింది. నక్షా వేసినవాడు అక్కడ రంగు పెన్సిలుతో ఒక ఊయల కూడా గీశాడు.

గ్రీజు కడిగే ఆ ద్రావకం తియ్యగా ఉంటుంది. అతనికి తెలుసు. నేలలోకి దిగి, ఏళ్లతరబడి కదలకుండా కూర్చుని, పైన ఇల్లు కడితే గచ్చు పగుళ్లలోంచి ఆవిరిలా లేచి గదుల్లోకి వస్తుంది. ముందు తలనొప్పి. ఆ తర్వాత జరిగేవి అతను చాలా రిపోర్టుల్లో చాలా నింపాదిగా రాసినవే.

అద్దాల తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆఫీసు ఆ తమ్ముడిదే. చిన్నప్పుడు ఇతని సైకిలు వెనక కూర్చుని సినిమాలకి వచ్చినవాడు. ఇంట్లో ఉన్నప్పుడు ఇతను వాణ్ణి "ఏరా" అంటాడు. ఆఫీసులో అలా అనలేక, "ఏమండీ" అంటే నవ్వొచ్చి, మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుంటాడు.

"ఏంటి బావా, తాతగారి దగ్గరే లంగరు వేశావా?"

"ఒక్కటే మిగిలింది."

"ఏది, పావురాలా?"

"పావురాలకి రాసేశాను. వాసన."

బావమరిది కుర్చీ వెనక్కి తిప్పి, దాని వీపు మీద చేతులు ఆన్చి కూర్చున్నాడు. "దానికేముంది. అనుభవం ఉన్న మా సీనియర్ పరిశీలకులు స్వయంగా నడిచి చూశారు, అక్కడ ఎలాంటి వాసనా లేదు. రెండు వాక్యాలు. నువ్వు లేదన్నాక ఇంకేం మాటలున్నాయి? ఈ ఆఫీసు నిలబడిందే నీ ముక్కు మీద."

"ఆఫీసు నిలబడటానికి అదంత వెడల్పుగా లేదులే."

టైపు చేసే ఆవిడ కిసుక్కున నవ్వింది. బావమరిదీ నవ్వాడు. నవ్వు అయ్యేదాకా ఆగి అతను గొంతు సవరించుకున్నాడు.

"పోనీ, అక్కడ ఒక బోరు వేయిద్దామా?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా బోరు వేస్తారా బావా? కట్టేవాళ్లకి ఏమని చెప్పమంటావు, తాతగారి కిటికీలోంచి తీపి వచ్చిందనా? పోయిన ఉత్తరంలో కాకులు తనని చూసి నవ్వుతున్నాయని రాశాడు. దానికీ బోరు వేద్దామా?"

"పిల్లల గది కదా ఇప్పుడది."

బావమరిది మొహంలో నవ్వు సర్దుకుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించాడు. "బావా, నిజం చెప్పు. నీకు అక్కడ ఏమైనా తగిలిందా? తగిలితే ఇప్పుడే చెప్పు. మిషను తెప్పిస్తాను, సభ వాయిదా అడుగుతాను, వాళ్లతో నాలుగు తిట్లు తింటాను. వాళ్లు మళ్లీ మన మొహం చూడకపోయినా సరే. నువ్వు ఒక్క మాట అను చాలు."

వీడు చెడ్డవాడైతే ఎంత బాగుండేది, అనిపించింది అతనికి. రిపోర్టు తొక్కిపెట్టేవాడూ, లంచాలు తినేవాడూ అయితే తనకి పోట్లాడటానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. వీడు కళ్లల్లోకి చూస్తూ అడుగుతున్నాడు. నమ్మకంతో అడుగుతున్నాడు. ఒక మనిషి మీద పెట్టగలిగిన బరువుల్లో నమ్మకం కన్నా పెద్దది లేదు.

"తగల్లేదు," అన్నాడు. అది అబద్ధం కాదు. ఈ మధ్య అతను చెప్పే మాటల్లో అబద్ధాలు చాలా తక్కువ.

"మరింకేం?"

"ఒకసారి వెళ్లి చూసొస్తాను."

"ఇప్పుడా? బయట నిప్పులు కురుస్తున్నాయి."

"ఎండలోనే వస్తుందని కదా ఆయన అన్నది."

బావమరిది లేచి, అతని భుజం తట్టాడు. "నీ చాదస్తం నీది. వెళ్లు. సాయంత్రం నేను అటే వస్తాను, కారులో ఎక్కించుకుంటాను. జవాబు దారిలో నాకు చెప్పు, ఫోన్లోంచే పంపించేద్దాం. అక్క కూడా భోజనానికి రమ్మంది."

బస్సులో జనం లేరు. అతను కిటికీ పక్కన కూర్చుని, భార్య గురించి ఆలోచించాడు. ఒకరోజు వంటింట్లో పొయ్యి ఆరిపోయి గ్యాసు వస్తూనే ఉంది. అతను అక్కడే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆవిడ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, పొయ్యి కట్టేసి, తలుపులన్నీ తీసి, "ఇంత కంపు కొడుతుంటే మీరు ఇక్కడే కూర్చున్నారా?" అంది. "చదువుతున్నాను," అన్నాడు అతను. ఆవిడ పొయ్యి దగ్గరే నిలబడి, అతని కేసి కాస్త ఎక్కువసేపు చూసింది. ఆ తర్వాత నుంచీ, అతను వంటింట్లోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ, ఆవిడ ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లి గ్యాసు మీట ముట్టుకుని వస్తుంది. కూర ఎలా ఉందని అడగడం మానేసింది. అడగకపోవడం ప్రేమేనని అతనికి తెలుసు. తెలిసినా, ఆ మీట మీద చెయ్యి పెట్టి వచ్చే ఆవిడ అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా, ఇంట్లో తనొక తాళం వెయ్యని తలుపులా ఉన్నాననిపించేది.

చెబితే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే భయం. బావమరిది తిట్టడు. "అయ్యో బావా, ముందే చెప్పొచ్చు కదా," అంటాడు. ఎక్కడో ఒక బల్ల చూపిస్తాడు, ఏ పాత ఫైళ్లో సర్దమంటాడు. టైపు చేసే ఆవిడ ముక్కుసార్ అనాలో మానాలో తెలియక మొత్తానికే పిలవడం మానేస్తుంది. అందరూ మెత్తగా మాట్లాడతారు. అతను మెత్తని మాటలు భరించలేడు. చిన్నప్పటి నుంచీ అంతే. జ్వరంలో అమ్మ నుదురు నిమిరితే చెయ్యి తోసేసేవాడు.

వాడలో గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. అతన్ని చూసి, లేవబోయి, లేవకుండానే గేటు తీశాడు. షెడ్లన్నీ ఖాళీ. తలుపులూ కిటికీ చట్రాలూ ఎవరో ముందే పట్టుకుపోయారు. రేకు కప్పులు ఎండకి వ్యాకోచించి, ఎక్కడో ఒక చోట టంగ్ మంటున్నాయి. గోడ మీద పాత క్యాలెండరు వేలాడిన మేకు ఉంది, దాని చుట్టూ చతురస్రంగా రంగు వెలవని గోడ ఉంది. కుళాయి దగ్గర ఒక చెప్పు, ఎడమకాలిది. అతను కడుగుడు షెడ్డులోకి వెళ్లి మధ్యలో నిలబడ్డాడు.

నేలలో పొడుగ్గా ఒక గాడి ఉంది. ముంచి తీసిన సామాన్లని దాని మీద వేలాడదీస్తే, కారింది గాడిలోంచి బయటికి పోయేది. బయటికంటే బయటికి. గోడ కింద కంత, కంత అవతల మట్టి. అప్పట్లో దాన్ని అతను చూశాడు. చూసి కూడా, వాసన లేదు, అని రాశాడు. ముక్కు ఉన్న రోజుల్లో కళ్లని అంతగా నమ్మేవాడు కాదు. ఆ అలవాటు ముక్కుతో పాటు పోలేదు.

కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. గాలి వెచ్చగా లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. మళ్లీ పీల్చాడు. తల కొంచెం బరువెక్కినట్టుంది, ఎండకి కావచ్చు. పొద్దున తినకుండా వచ్చాడు, అందుకు కావచ్చు. అతను గోడకి ఆనుకుని, వచ్చిన పని ఏమిటో మర్చిపోయినవాడిలా ఉండిపోయాడు. తీపి, తీపి, అని లోపల అనుకున్నాడు. పిలిస్తే వస్తుందేమోనని పిల్లిని పిలిచినట్టు.

ఒక దారి ఉంది. ఉంది అని చెప్పేయొచ్చు. మళ్లీ వెళ్లాను, ఈసారి తగిలింది, ఎండ వల్ల పైకి వచ్చింది, బోరు వేయించు. ఎవరికీ అనుమానం రాదు. పైగా, ముక్కుసార్ ఎండలో వెళ్లి పట్టుకొచ్చాడు, అంటారు. పిల్లల గది కింద మట్టి తవ్వి చూస్తారు. అందరూ బాగుంటారు. అతను బాగుంటాడు. ఆ ఆలోచన ఎంత సుఖంగా ఉందంటే, కాసేపు అతను అందులో వెనక్కి వాలి కూర్చున్నాడు.

కానీ గీత ఈ ఒక్క షెడ్డు దగ్గర తిరిగింది కాదు. వాడంతా తిరిగింది. రంగుల షెడ్డు దగ్గర సర్వేయరు మొహం ఎందుకు చిట్లించాడో, వాసనకో, ఎండకో, పంటి నొప్పికో, ఎవరికి తెలుసు? బ్యాటరీల షెడ్డు దగ్గర వాచ్‌మన్ ఉమ్మి వేశాడని గీత అవతలికి జరిపాడు. వాచ్‌మన్ రోజంతా ఉమ్ముతూనే ఉంటాడు. ఈ వాడ కాక, జ్వరం తర్వాత నడిచిన మిగతా నేలలున్నాయి. వాటి మీద ఇప్పటికే గోడలు లేచాయి. ఇక్కడ ఉందని అబద్ధం చెబితే ఈ ఒక్క అడుగు నేల బాగుపడుతుంది, ముక్కుసార్ ఇంకా బతికే ఉంటాడు. రేపు ఇంకో వాడకి వెళతాడు. ఇంకో మొహం కేసి చూస్తాడు.

ఇదంతా అతనికి కొత్తగా తోచింది కాదు. ఇన్నాళ్లూ తెలిసిందే. తెలిసినదాన్ని ఒక గదిలో పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఆ గది వైపు వెళ్లకుండా ఇల్లంతా తిరుగుతున్నాడు. అలా తిరగడానికే ఇంత ఓపిక అయిపోతోంది.

బయట కారు ఆగిన చప్పుడయింది. బావమరిది ఫోన్లో మాట్లాడుతూ, దుమ్ములో బూట్లు పాడవకుండా గుర్రంలా కాళ్లు ఎత్తి వేస్తూ వచ్చాడు. "వచ్చేస్తుందండీ, ఒక్క గంట. మా బావ దగ్గరే ఉన్నాను. అబ్బే, సమస్యేం లేదు," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. నోట్లో బబుల్‌గమ్ నములుతున్నాడు. సిగరెట్లు మానినప్పటి నుంచీ అదొక అలవాటు.

"ఏం బావా, ఎండలో తపస్సు అయిందా? అక్క నాకు ఫోను చేసి మీ బావ గొడుగు తీసుకెళ్లాడా అని అడిగింది. ఎండకి గొడుగేంటే అన్నాను. ఇద్దరూ ఇద్దరే."

గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. అతని చూపు దానంతటదే బావమరిది మొహం మీదికి వెళ్లింది. కనుబొమలు. పెదవి. మెడ. బావమరిది రెండడుగులు వేసి ఆగాడు. దవడ నమలడం ఆపింది. ముక్కు పక్కన చిన్న ముడత పడింది, పోయింది. వెలుగులోంచి చీకట్లోకి వచ్చినందుకో. గమ్ రుచి అయిపోయినందుకో.

"ఇక్కడేదో..." అని బావమరిది చేత్తో గాలి విసురుకున్నాడు. "దుమ్మా? ఏమో, నాకేం తెలుస్తుంది. నువ్వు చెప్పు. తాతగారి తీపి తేలిందా లేదా?"

అతని నోట్లో మాట సిద్ధంగా ఉంది. తేలింది. అంతే, ఆ ఒక్క ముక్క. ఎదుటివాడి ముఖం మీంచి తీసుకుని, తనదిగా చేసి, తిరిగి వాడి చేతిలోనే పెట్టడం. ఎన్నిసార్లు చేశాడు. వాడు కూడా ఆ మాట కోసమే నిలబడి ఉన్నాడు, చెబితే చాలు, ఫోను తీస్తాడు.

"నాకు తెలియదు," అన్నాడు అతను.

"అంటే? కొంచెం ఉందా, అసలు లేదా?"

"నాకు వాసన రాదు." గొంతు సవరించుకోవడం మర్చిపోయాడు. "ఆ జ్వరం వచ్చిందే, అప్పటి నుంచీ. ఏదీ రాదు. టీ, పెట్రోలు, అన్నం మాడింది, ఏదీ."

బావమరిది నవ్వబోయాడు. మొహంలో నవ్వు సగం దాకా వచ్చి, ఎటు పోవాలో తెలియక ఆగింది.

"జోకా?"

"కాదు."

"అప్పటి నుంచీ అంటే..." బావమరిది వేలు పైకెత్తి, ఏదో గాలిలో లెక్కపెట్టబోయి, ఆపేశాడు. "మరి ఆ గీతలన్నీ?"

"మీ మొహాలు చూసి గీశాను."

రేకు కప్పు టంగ్ మంది. బావమరిది గోడకేసి చూశాడు, గాడికేసి చూశాడు, తన బూట్లకేసి చూసుకున్నాడు. "అక్కకి తెలుసా?" అన్నాడు చివరికి.

"అడగలేదు. తెలిసే ఉంటుంది."

"ఏంటి బావా నువ్వు," అన్నాడు బావమరిది. మెత్తగా అనలేదు. కోపం వచ్చిందని గొంతులోనే తెలుస్తోంది. "ఏంటిది. ఇప్పుడు నేను వాళ్లకి ఏమని..." జేబులో ఫోను మోగింది. తీసి చూసి, ఎత్తకుండా, మోగుతున్నదాన్ని అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ కోపం చూసి అతనికి వింతగా ప్రాణం కాస్త కుదుటపడింది. సంచీలోంచి చిన్న తాపీ తీసి, చేతికి గ్లవ్ తొడుక్కున్నాడు. గోడ అవతలికి నడిచాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి, గోడ పట్టుకుని కూర్చున్నాడు. కంత కింద పైపైన ఉన్న మట్టి దుమ్ములా రాలిపోయింది. అడుగున తవ్వగా నల్లగా, జిగురుగా ఉన్నది వచ్చింది. బావమరిది వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఫోను మోగి మోగి ఆగింది.

"ఆ గమ్ ఉమ్మెయ్యి," అన్నాడు అతను.

బావమరిది ఉమ్మేశాడు.

"మరీ దగ్గరగా పెట్టుకోకు. కొంచెం పీల్చు చాలు. ఏమనిపిస్తే అది చెప్పు, సరిగ్గా చెప్పాలని చూడకు."

మట్టి ఉన్న తాపీని పైకెత్తి పట్టుకున్నాడు. బావమరిది నడుం వంచి దాని మీదికి వంగుతుంటే, అలవాటు కొద్దీ ఆ మొహం మీదికి వెళ్లబోయిన చూపుని వెనక్కి లాక్కుని, అతను తల పక్కకి తిప్పుకున్నాడు.